తిరగలికి ఎడమపక్క

రబ్బరు రాఫ్టులో ముందు కూర్చున్నవాళ్ళు ఇంతగా తడుస్తారని ఇన్నేళ్ళలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, తనే వినిపించుకుని ఉండదు. వెనక కూర్చున్న మనిషికి ముందువాళ్ళ కేకలన్నీ సరదాగానే వినిపిస్తాయి. నదికి ఇంకా మెలకువ రాలేదు, ఊరికే చిన్న చిన్న అలలు, అయినా ఒక్కొక్కటీ పనిగట్టుకుని వచ్చి ఆమె ఒళ్ళో కూర్చుని లేచిపోతోంది. నెత్తిమీద పసుపు హెల్మెట్ ఒకటి. గైడ్లకి ఎర్రవి, టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళకి పసుపువి. ఈ పసుపుది మెడ మీది కొప్పుకి తగులుకుని, కదిలినప్పుడల్లా నుదుటి మీదికి జారి, ఎవరమ్మా నువ్వు అని అడుగుతున్నట్టుంది. నేనా, నేను ఈ నదికి, అని లోపల జవాబు మొదలుపెట్టి మింగేసింది. ఇవాళ ఆమె ఎవరూ కాదు. ఒంటరిగా సరదాకి వచ్చిన ఒక పెద్దావిడ. ఆ ఒప్పందం మీదే పడవెక్కింది.

ఒప్పందం నిన్న ఆఫీసు గదిలో మొదలైంది. గోడ పొడుగునా తడి లైఫ్ జాకెట్లు వేలాడుతూ, ఎండాకాలంలో కూడా రబ్బరూ బురదా కలిసిన వాసన వేసే గది అది. యజమాని మాట నాన్చే మనిషి కాదు. "తిరగలి దాటించే పని మీ కోడలికి ఇవ్వచ్చా వద్దా, మీరే చెప్పండి పెద్దమ్మా. మీరు సరేనంటే ఇకమీదట ఆ అమ్మాయే. కాదంటే ఇంకో ఏడాది దిగువ నీళ్ళలో పిల్లల్ని తిప్పుతుంది." చూసి చెప్తాను అంది ఆమె, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా. తిరగలి అంటే నది మధ్యలో ఉన్న పెద్ద గుంట. పైనుంచి పడిన నీళ్ళు అక్కడ ముందుకి పోకుండా తమలో తామే తిరుగుతూ ఉంటాయి. దొరికినదాన్ని వదలవు, నలిపి నలిపి, విసుగు పుట్టాక బయటికి విసిరేస్తాయి. ఇన్నాళ్ళూ దాని పక్కనుంచి జనాన్ని దాటించింది ఆమే. ఇక చాలు, పిల్లలు చూసుకుంటారు అని ఆమే అంది. ఎందుకు చాలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళాక కోడలు తన షరతులు తను పెట్టింది. "వస్తే రండి అత్తయ్యా. కానీ పసుపు హెల్మెట్ పెట్టుకోవాలి, ముందు కూర్చోవాలి, నోరు మెదపకూడదు. మీరెవరో తెలిస్తే నా మాట ఒక్కరూ వినరు." "నేనెందుకు మెదుపుతానే?" "మీరా? మీరు నిద్రలో కూడా కుడికి, కుడికి అంటారు." కొడుక్కి కాఫీ ముక్కులోకి పోయింది. అత్త కోపంగా చూడబోయింది గానీ, నిద్రలో తనేమంటుందో తనకెలా తెలుస్తుంది?

నోరు మెదపకూడదు. మెదపదు కూడా. పడవలో ఒకే గొంతు ఉండాలన్న నియమం పెట్టిందే ఆమె. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి రాఫ్టులో ఇద్దరు గైడ్లు కూర్చున్నారు, ఆమె, ఇంకో పెద్దాయన. బండ ఎదురొచ్చేసరికి ఆయన ముందుకి అన్నాడు, ఆమె వెనక్కి అంది. ఎవరిది ఒప్పో ఇవాళ్టికీ తెలియదు. బహుశా రెండూ ఒప్పే. సగంమంది ఆయన మాట విన్నారు, సగంమంది ఆమె మాట విన్నారు, రాఫ్టు బొంగరంలా గిర్రున తిరిగి అడ్డంగా వెళ్ళి, తీగమీద ఆరేసిన దుప్పటిలా బండని చుట్టుకుపోయింది. అందరూ బతికి బయటపడ్డారు, వణుకుతూ, ఒకరినొకరు పట్టుకుని. ఎవరు చెప్పింది ఒప్పో నీళ్ళకి అక్కర్లేదు. చేతులన్నీ కలిసి పడ్డాయా లేదా, అంతే వాటికి కావలసింది. తప్పు దారిలోనైనా అందరూ కలిసి వెళ్తే ఎలాగో తేలతారు. ఆ రోజునుంచి వెనక తెడ్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే గొంతు, మిగతావాళ్ళు దేవుళ్ళైనా సరే నోరు కట్టుకోవలసిందే. ఈ నియమం తన మీదికే వస్తుందని అప్పుడు తట్టలేదు. నియమాలు పెట్టేవాళ్ళకి అది ఎప్పుడూ తట్టదు.

"ముందుకి... చాలు, ఆపండి," అంది వెనకనుంచి కోడలు. గొంతు బావుంది. అరవడం లేదు, నీళ్ళ చప్పుడు కింద ఎక్కడో సందు చూసుకుని చెవిలోకి వస్తోంది. అత్త గొంతు అలాంటిది కాదు, అది నది మీద పడి గెలిచే గొంతు. ఆమె భర్త ఉన్న రోజుల్లో, బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా పనిచేస్తూ, ఎవరు కనపడ్డా మా ఆవిడ నది నడుపుతుందండీ అని పరిచయం చేసేవాడు. నది నడపడమేమిటండీ మీ మొహం, అదే నడుస్తుంది అని ఆమె పైకి విసుక్కునేది. లోపల మాత్రం ఆ మాటని నాలుగు రోజులు తడిమి తడిమి చూసుకునేది. ఆయన ఎన్నడూ నీళ్ళలో కాలు పెట్టలేదు. పొడి తువ్వాలు పట్టుకుని దిగువ ఒడ్డున నిలబడేవాడు. గర్వపడడం ఆయన్ని చూసి నేర్చుకోవలసింది. తనకి రాలేదు. తన విషయంలో వచ్చింది గానీ, ఇంకొకరి విషయంలో ఆ మాట గొంతుకి అడ్డం పడుతుంది.

కోడలికి ఒక్కసారి కూడా బాగుంది అనలేదు. పర్లేదు అంది. ఇంకా ఉంది అంది. ఈ పిల్ల కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది, ఎదుటి మనిషి మొహాన్ని ఒక్క నిమిషం చూసి, ఏ ఫ్రేము సరిపోతుందో తీసి ముక్కుమీద పెట్టేది. స్నేహితులతో సరదాకి వచ్చి, రాఫ్టులోంచి పడి, కయాక్ అనే ఒంటిమనిషి పడవలో వెంట ఉన్న కొడుకు జాకెట్ పట్టుకుని లాగితే దగ్గుతూ, నవ్వుతూ, ఇంకోసారి వెళ్దామా అని అడిగింది. ఆ ఒక్క మాటకి వాడు పడిపోయాడు, వాడికంటే ముందు వాడి తల్లి పడిపోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయిన వారానికి, అత్తయ్యా నాకు నీళ్ళు నేర్పండి అంది. నేర్పింది. తోసి నేర్పింది, తిట్టి నేర్పింది. రాఫ్టుల్ని పైకి మోసుకొచ్చే వ్యాను డ్రైవరు చూసి చూసి ఒకరోజు, "అత్త తిట్లు తినే కోడళ్ళని చాలామందిని చూశాను గానీ, పొద్దున్నే తయారై వ్యానెక్కి వచ్చి మరీ తినేదాన్ని నిన్నే చూశానమ్మా," అన్నాడు. "ఊరికే తింటున్నానా అన్నా, మధ్యమధ్య నీళ్ళు కూడా తాగుతున్నాను," అంది కోడలు, జుట్టు పిండుకుంటూ. అత్త అటు తిరిగి నవ్వుకుంది. ఇటు తిరిగి, తాళ్ళు సరిగ్గా చుట్టు అంది.

ఇవాళ పొద్దున మాత్రం నిజంగానే ఒళ్ళు మండింది. ఒడ్డున ఇసకలో నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పి బయల్దేరాల్సింది పోయి, ఈ పిల్ల వాళ్ళతో చుట్టరికాలు కలుపుకుంటున్నట్టు కబుర్లు. వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒక బావ, అతని భార్య, ఆవిడ తమ్ముడు. ఏం పని చేస్తారు, ఎప్పుడైనా నడుం పట్టేసిందా, ఇంట్లో బరువులు ఎవరెత్తుతారు. "బరువులా? మా అక్కేనండీ," అన్నాడు బావమరది. "బావ గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు తలుపు తీసి పట్టుకుంటాడు, అంతే." "తలుపు తీసేవాడు లేకపోతే సిలిండర్ లోపలికెలా వస్తుందిరా?" అన్నాడు బావ. ఇసకమీదే వరసగా కూర్చోబెట్టి ఉత్త గాలిలో తెడ్లు వేయించింది. ఉన్నట్టుండి పెద్దగా వెనక్కి అని అరిచి, ఎవరేం చేస్తారో చూసింది. బావ చేతులు రెండూ గాలిలోనే ఆగిపోయాయి. కోడలు నవ్వింది. తర్వాత ఒక్కొక్కరినీ భుజం పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో కూర్చోబెట్టింది. ఎడమ ముందు బావమరది, అతని వెనక అక్క, కుడి ముందు అత్త, ఆమె వెనక బావ. అత్త మనసులో గొణుక్కుంది. నీళ్ళని చూడవే, నీళ్ళని. ఈ మనుషుల మొహాల్లో ఏముంది, రేపు మళ్ళీ కనపడతారా?

"ఆంటీ, మీకు ఈత వచ్చా?" పక్కనుంచి బావమరది అడిగాడు. గడ్డం కింద పట్టీ ఎంత బిగించాడో, మాట నలిగి వస్తోంది.

"ఏదో కొద్దిగా."

"భయం లేదా?"

ఏమని చెప్తుంది? ఉంది నాయనా, నీకున్నది కాదు, వేరేది. నీళ్ళ భయం ఎప్పుడో అలవాటై ఇంట్లో పిల్లిలా తిరుగుతోంది. ఇది ఈ కుడి భుజంలో కూర్చున్న భయం. పోయిన ఏడు వ్యాను మీంచి రాఫ్టు దింపుతుంటే లోపల ఏదో చీర చిరిగినట్టు చిరిగింది. ఆ తర్వాత దువ్వెన తల వెనక్కి వెళ్ళడం మానేసింది. కొప్పు మెడ మీదికి దిగింది, వయసుకి తగ్గట్టుంది అన్నారు ఎదురింటివాళ్ళు. నీళ్ళ బిందె, పాలగిన్నె, తడిబట్టల బకెట్, అన్నీ చప్పుడు కాకుండా ఎడమ చేతికి మారాయి. ఎవరూ చూడలేదు. ఒకరు తనని చూసి అయ్యో అనడం ఆమె వల్ల కాదు. అయ్యో అనిపించుకునే కంటే ఇక చాలు అనడం మేలని, అంత పేరూ తనే దింపి పక్కన పెట్టింది. పేరు అంటే పేరే. తిరగలికి కుడిపక్క రెండు బండల మధ్య ఒక సందుంది. ఆ సందులోంచి రాఫ్టు పోతుందని మొదట కనిపెట్టింది ఆమె. రోజూ ఒడ్డున కూర్చుని ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పైనుంచి వదిలేది, అది ఎటు పోతుందో చూసేది, వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ వదిలేది. పిచ్చిది అన్నారు. ఇప్పుడు కొత్త గైడ్లు దాన్ని పెద్దమ్మ దారి అంటారు. ఆ మాట వినపడినప్పుడు ఆమె ఏదో ఒక ముడి బిగిస్తూ విననట్టు ఉంటుంది. రెండోసారి అంటారేమోనని ముడి విప్పి మళ్ళీ బిగిస్తుంది.

చప్పుడు మొదలైంది. మొదట అది చప్పుడులా ఉండదు, గాలిలో ఏదో బరువెక్కినట్టుంటుంది, మాట్లాడుతున్నవాళ్ళు తెలియకుండానే గొంతులు పెంచుతారు, ఆ తర్వాత ఎవరూ మాట్లాడరు. నది మెడలాగా సన్నబడింది. రెండు పక్కలా నల్లటి బండలు తడిసి మెరుస్తున్నాయి. ఆమె ఒళ్ళు తనంతట తనే సర్దుకుంది, మోకాళ్ళు బిగుసుకున్నాయి. ఇప్పుడు కుడికి. ఇక్కడే, ఆ పాలిపోయిన బండ దాటగానే, రాఫ్టు ముక్కు కుడికి తిప్పాలి. తిప్పు. తిప్పవే అమ్మాయ్. ముక్కు తిరిగింది, ఎడమకి.

ఎడమకా? జారిందా? కాదు, జారితే వెనకభాగం ఊగుతుంది, ఇది ఊగలేదు, నిమ్మళంగా, కావాలని తిరిగింది. ఎడమపక్క ఎవరు వెళ్తారు? అక్కడ బండ వెనక నీళ్ళు ఆగి వెనక్కి తిరుగుతాయి. అందులోకి వెళ్ళి, ఆగి, సమయం చూసుకుని మళ్ళీ ధారలోకి రావాలి. ఒక్క క్షణం ముందైతే తిరగలి నోట్లో, ఒక్క క్షణం ఆలస్యమైతే బండ మీద. అది ఓపికున్నవాళ్ళ దారి, తనకి ఎన్నడూ ఆ ఓపిక లేదు, బలం ఉంది, బలంతోనే దాటింది. నేను కనిపెట్టిన దారి అంత చేదైందా నీకు? చూపించుకుంటున్నావా, అత్త ముందు కూర్చుంది కదాని? నలుగురి ప్రాణాలు నీ చేతిలో. కుడికి అను. నువ్వు అనకపోతే నేనంటాను. అంటే చాలు, ఈ నది మీద నా గొంతు వింటే నాలుగు తెడ్లూ అటే పడతాయి. ఊపిరి నిండా వచ్చి ఛాతీలో నిలబడింది, నాలుక మాటకి సిద్ధమైంది. అప్పుడు పక్కనుంచి బావమరది ఆమె వైపు చూశాడు. వెనక ఉన్న గైడు వైపు కాదు, ఆమె వైపు. ఆమె ఎవరో తెలిసి కాదు. భయపడిన మనిషి పక్కవాళ్ళ చేతుల్ని చూస్తాడు, వాళ్ళేం చేస్తే అది చేద్దామని. నాలుగు తెడ్లూ అటు పడవు. రెండు పడతాయి. రెండు ఇటు పడతాయి. దుప్పటి.

"ఆపండి. తెడ్లు పైకి," అంది కోడలు.

ఆమె ఊపిరి వదిలేసింది. మాట లేకుండా, ఉత్త ఊపిరి. తెడ్డు పైకెత్తి అతనికి కనపడేలా పట్టుకుంది. అతనూ ఎత్తాడు. రాఫ్టు పక్కకి జారి బండ వెనక ఆగిన నీళ్ళలోకి వెళ్ళి, ఆశ్చర్యం, నిలబడింది. చేయి చాస్తే అందేంత దూరంలో తిరగలి తెల్లగా నలుగుతోంది. ఇంత దగ్గరనుంచి, ఇంత నింపాదిగా దాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు, ఎప్పుడూ దాటిపోతూనే చూసింది. ఎంత అందంగా ఉన్నావే దొంగముండా. అల ఒకటి లేచింది, పడింది. ఇంకొకటి. వెనక కోడలు ఏమీ అనదు. ఇప్పుడు, అనుకుంది ఆమె. కోడలు అనలేదు. ఇప్పుడైనా. అనలేదు. నీళ్ళు ఊపిరి తీసుకున్నట్టు ఒక్కసారి కిందికి దిగాయి.

"ఎడమవైపు ముందుకి! గట్టిగా! కుడివైపు ఊరికే ఉండండి!"

బావమరది వంగి లాగాడు. అతని వెనక అక్క, సిలిండర్లు మోసే అక్క, నదిని వేళ్ళతో సహా పెకలిస్తున్నట్టు లాగింది. ముక్కు గిర్రున కుడికి తిరిగింది, ధార అందుకుంది, రాఫ్టు అంచు మీంచి కిందికి పోయింది, కడుపు పైనే ఉండిపోయింది, నీళ్ళు మొహాన్ని ఒక్క చరుపు చరిచాయి, అక్క అరిచింది, అది భయమో ఆనందమో ఆవిడకే తెలియదు, తిరగలి కుడిచేతి పక్కనుంచి గర్జించుకుంటూ వెనక్కి వెళ్ళిపోయింది. ఇంత జరుగుతుంటే ఆమె ఊరికే ఉంది. ఆమె వెనక బావ కూడా, చేతులు గాలిలో బిగుసుకుపోయి, ఊరికే ఉన్నాడు. ఊరికే ఉండడమే అతని పని. భయం వేస్తే ఆగిపోయే మనిషికి ఆగిపోవడమే పనిగా ఇచ్చి కోడలు కుడివైపు కూర్చోబెట్టింది. ఇసక మీద, పొద్దున, నవ్వుతూ.

మరి నేను? ఆ ప్రశ్న తిరగలిలో పడినదానిలా లోపల ఒకసారి మునిగి, పైకి తేలింది. పెద్దమ్మ దారిలో వెళ్తే ముందు కుడివైపు కూర్చున్న మనిషే రాఫ్టుని లాగాలి, భుజం ఊడేలా, బండ దాటేదాకా. ఆ బలం ఇవాళ పడవలో లేదు. లేదని కోడలికి తెలుసు. ఎలా తెలుసు? పాలగిన్నె. తడిబట్టల బకెట్. మెడ మీదికి దిగిన కొప్పు. మొహం చూసి ఫ్రేము తీసే పిల్ల, ఒకే ఇంట్లో, రోజూ, ఏడాదిపాటు ఏమీ చూడలేదనుకుంది తను! చూసింది. చూసి అయ్యో అనలేదు. అంటే నేను పడనని కూడా చూసింది. నా భుజాన్ని ఒక రాయి ఎక్కడుందో గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుని, దాని పక్కనుంచి పడవని తీసుకుపోయింది. నేను నీళ్ళని చదివాను. ఇది నీళ్ళనీ చదివింది, నీళ్ళమీద కూర్చున్నవాళ్ళనీ చదివింది. సిగ్గుపడాలో కోపం తెచ్చుకోవాలో తెలియక ఒక్క క్షణం రెండూ తెచ్చుకుంది, కానీ వాటికింద ఇంకేదో ఉబుకుతోంది, వాటిని తోసుకుని పైకి వస్తోంది, తువ్వాలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డ మనిషి మొహంలో ఎప్పుడూ కనిపించేదే అది. ఇంత పెద్దదా? ఇంత పెద్దదాన్ని లోపల పెట్టుకుని ఆయన అంత మామూలుగా ఎలా నిలబడేవాడు?

దిగువన బండ నీడలో కొడుకు కయాక్‌లో ఉన్నాడు, ఎవరైనా పడితే విసరడానికి తాడుసంచి ఒళ్ళో పెట్టుకుని. ఎవరూ పడలేదు. వాడు భార్యని చూడలేదు, తల్లినే చూశాడు, కనుబొమలెత్తి. ఎంత దూరంనుంచైనా అర్థమయ్యే సైగ ఒకటుంది నది మీద. అరచెయ్యి నడినెత్తిన పెడితే అంతా బాగుంది అని. ఆమె ఎడమ చెయ్యి ఎత్తి పసుపు హెల్మెట్ మీద పెట్టింది. పర్లేదు అని చెప్పే సైగ ఏదీ ఈ నదికి లేదు. వాడి మొహం విప్పారింది. ఆమె ఇంకోసారి చెయ్యెత్తి మళ్ళీ పెట్టింది, మొదటిది సరిగ్గా కనపడిందో లేదో అని.

"ముందు కూర్చున్న ఆవిడా!" వెనకనుంచి గొంతు కొరడాలా వచ్చింది. "తెడ్డు పిడి మీద చెయ్యి ఎందుకు తీశారు? ఒక్క అల వస్తే ఆ పిడి వెళ్ళి పక్కాయన పళ్ళు రాలగొడుతుంది! పిడి వదలకూడదని ఎన్నిసార్లు చెప్పాలి?"

నది మీద ఆమెని ఇంతవరకూ ఎవరూ ఇలా కేకలెయ్యలేదు. బావమరది తన మూతి ఒకసారి తడుముకుని, పళ్ళన్నీ ఉన్నాయని తేల్చుకుని, జాలిపడ్డాడు. "పోన్లెండి మేడమ్, పాపం పెద్దావిడ, ఏదో సంతోషంలో..."

"సంతోషం ఒడ్డుకెళ్ళాక," అంది కోడలు. "ఇంకా నీళ్ళలోనే ఉన్నాం."

ఆమె గబుక్కున చెయ్యి దించి పిడి పట్టుకుంది. సంతోషం ఒడ్డుకెళ్ళాక. ఎప్పుడన్నాను నేనీ మాట? వెతికింది. తన తిట్లన్నీ, ఇన్నేళ్ళ తిట్లన్నీ తిరగేసి చూసింది. ఎక్కడా లేదు. తను నేర్పింది కాదు. ఆ పిల్లదే.

"అందరూ ముందుకి!" అంది వెనక గొంతు.

ఆమె అందరితోపాటు వంగి తెడ్డు ముంచింది.